మూడో అంతస్తులో అక్క గొంతు

2వ తేదీ, సోమవారం

ఉదయం పదకొండున్నరకు మమ్మల్ని భవనంలోంచి బయటికి పంపేశారు. పక్క స్థలంలో పునాది కోసం తవ్విన గొయ్యి మా వైపుకు కుంగింది. మా భవనం మూల స్తంభం నిలువునా పగిలింది. మెట్లకూ గోడకూ మధ్య నా అరచెయ్యి దూరేంత సందు. కింది అంతస్తు కుట్టుమిషన్ల దుకాణం వాళ్లు, రెండో అంతస్తు పళ్ల డాక్టరు, మూడో అంతస్తులో రికార్డింగ్ గది నడుపుకునే నేను, అందరం రోడ్డు మీద నిలబడి మెడలు పైకెత్తి చూస్తూ ఉండిపోయాం. పళ్ల డాక్టరు కుర్చీలో ఉన్న మనిషి నోట్లో దూదితోనే దిగి వచ్చాడు. నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు.

నేను తెచ్చుకున్నవి: చేతి సంచి, నీళ్ల సీసా, మెడలో హెడ్‌ఫోన్లు. వాటి తీగ మోకాళ్ల దాకా వేలాడుతోంది.

కంప్యూటరును ఎప్పటిలాగే నిద్రలో పెట్టి వచ్చాను. నేను దాన్ని పూర్తిగా ఆపను. పొద్దున్న లేపగానే నిన్న ఆపిన చోటే పని దొరుకుతుంది.

అక్క ఇంటికి వచ్చాను. ఆపరేషనైన దగ్గర్నుంచీ, అంటే పద్దెనిమిది రోజులుగా, ఇక్కడే ఉంటున్నాను. విషయం చెప్పగానే అక్క పలక మీద రాసింది: "నా గొంతు?"

"భద్రంగా ఉందిలే. చిన్న డిస్కులో కాపీ ఉంది" అన్నాను.

అక్క తల ఊపి పలక తుడిచేసింది. బావ పాలు చల్లారబెడుతూ, మీ చెల్లెలు జాగ్రత్త మనిషి, కొంప కూలుతున్నా హెడ్‌ఫోన్లు వదల్లేదు చూడు అన్నాడు.

కాపీ ఉండే ఉంటుంది. తీసినట్టే గుర్తు.

3వ తేదీ, మంగళవారం

నేను అద్దెకుండే గదికి వెళ్లి డిస్కు కోసం చూశాను. బీరువాలో లేదు. రెండో సంచిలో ఉండాలి.

4వ తేదీ, బుధవారం

వర్షం. పనేం లేదు. రాస్తే కాస్త నెమ్మదిస్తానేమోనని కూర్చున్నాను.

అక్క ఇరవై రెండేళ్లు బస్సు స్టేషన్లో ప్రకటనలు చెప్పింది. ఊళ్లో ఆమె ముఖం తెలిసినవాళ్లు యాభై మంది ఉంటారేమో, గొంతు తెలియనివాళ్లు లేరు. ఆ గొంతు వినడానికే మూడు బస్సులు కావాలని వదిలేశానని బావ ఇప్పటికీ చెప్పుకుంటాడు. మూడోది నిజంగానే తప్పిపోయిందని అక్క అంటుంది. అనేది.

గొంతులో గడ్డ అన్నారు. స్వరపేటిక తీసేస్తే మనిషి దక్కుతుంది, మాట దక్కదు అన్నారు. ఆపరేషనుకు ముందు పదకొండు రోజులు అక్కను నా రికార్డింగ్ గదిలో కూర్చోబెట్టి రికార్డు చేశాను. గొంతులు తయారుచేసే ల్యాబ్ ఒకటుంది. వాళ్లిచ్చిన పదహారు వందల వాక్యాలు చదివి పంపితే, తెర మీద ఏది టైపు చేస్తే అది ఆ మనిషి గొంతుతోనే పలికేలా చేసి ఇస్తారు. 

అక్క ప్రతి వాక్యాన్నీ బస్సు బయల్దేరుతున్నట్టే చదివింది. "మా తోటలో నీలం రంగు పువ్వులు పూశాయి" అన్నా సరే, ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నట్టే ఉండేది. మధ్యమధ్యలో నన్ను తిట్టేది, నీళ్లు అడిగేది, కుర్చీ కిర్రుమంటోందని విసుక్కునేది. ఆ చెత్తంతా కత్తిరించి, వాక్యాలు మాత్రం విడదీసి, ఒక్కోదాన్నీ శుభ్రం చేశాను. ల్యాబ్ వాళ్లు పంపమని మూడుసార్లు అడిగారు. ఇంకాస్త శుభ్రం చేసి పంపుతానన్నాను. ఊపిరి చప్పుళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి.

పని బాగా చేయాలనుకోవడం తప్పు కాదు కదా.

5వ తేదీ, గురువారం

రెండో సంచిలో లేదు. అక్క ఈరోజు అడగలేదు.

6వ తేదీ, శుక్రవారం

భవనం దగ్గరికి వెళ్లాను. చుట్టూ రేకులు కట్టారు. ఇంజినీరును పట్టుకుని అడిగాను. మరమ్మతు చేయరట, కూలగొట్టేస్తారట. వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కరెంటు తీసేస్తారు. అప్పటిదాకా కింద నేలమాళిగలో చేరే నీళ్లు తోడే మోటారు కోసమని ఉంచారు.

ఒక్క కంప్యూటరు, పది నిమిషాల పని, నేనే ఎక్కి తెచ్చుకుంటాను, ఏం జరిగినా మీ బాధ్యత లేదని రాసిస్తాను అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తన హెల్మెట్ తీసి నుదురు తుడుచుకుని, "అమ్మా, ఆ మెట్ల మీద పిల్లి ఎక్కినా నేను ఒప్పుకోను. మీరు రాసిచ్చిన కాగితం మెట్లని పట్టుకుని ఆపదు కదా" అన్నాడు.

మూడో అంతస్తు కిటికీ మూసే ఉంది. లోపల అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. నా కుర్చీ మీద శాలువా కూడా.

చిన్న డిస్కు లేదు. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఎప్పుడూ లేదు. కాపీ తీయాలనుకున్నాను. శుభ్రం చేయడం అయ్యాక ఒకేసారి తీద్దామనుకున్నాను. అనుకున్న పనిని చేసినట్టే గుర్తుపెట్టుకున్నాను.

7వ తేదీ, శనివారం

అక్క, బావ పొద్దున్నే నడకకు వెళ్లారు. రోజూ నడవమన్నాడు డాక్టరు. ఒంటరిగా కూర్చుని ఉంటే తట్టింది. లేపవచ్చు. ఎక్కకుండానే.

రికార్డింగ్ గదిలో నాతో యంత్రాల పని చూసిన తీగలాయన అప్పట్లో ఇంటి నుంచే దాన్ని లేపేవాడు. అతనికి మోకాళ్ల నొప్పి, మూడు అంతస్తులు ఎక్కడానికి బద్ధకం. ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో కళ్లు మూసుకుని చెప్పేవాడని ఆ పేరు పెట్టారు జనం. అతను చెప్పింది గుర్తున్నంత వరకు రాసుకుంటున్నాను.

కంప్యూటరు నిద్రపోయినా దాని నెట్‌వర్కు కార్డు మేలుకునే ఉంటుంది. దానికి పన్నెండు అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన సొంత చిరునామా ఒకటి ఉంటుంది. ఆ చిరునామాను పదహారు సార్లు వరుసగా చెప్పే సందేశం వస్తే కంప్యూటరు లేస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా నన్ను కాదనుకుని ఊరుకుంటుంది. పిలుపు అందిందో లేదో జవాబు రాదు. 

ఇంకో చిక్కు. ఆ పిలుపు గదిలోని నెట్‌వర్కులోనే వినపడుతుంది, బయటి నుంచి పంపితే గుమ్మం దాటదు. లోపల ఎప్పుడూ మేలుకుని ఉండేది గోడకు కొట్టిన రౌటర్ ఒక్కటే. దాని చేత పిలిపించాలి. దాని పాస్‌వర్డ్ తీగలాయనకే తెలుసు. చిరునామాల జాబితా ఉన్న నోట్‌బుక్ కూడా అతని దగ్గరే.

అతనికి ఫోన్ చేయాల్సిన అవసరం ఏమీ లేదు. పాస్‌వర్డ్ ఊహించవచ్చు. పదేళ్లు కలిసి పనిచేశాం.

8వ తేదీ, ఆదివారం

ఊహించలేకపోయాను. మా గది పేరు, అతని బండి నంబరు, అతని కూతురి ముద్దుపేరు, అన్నీ అయ్యాయి. ఐదుసార్లు తప్పితే గంటసేపు తలుపు మూసేస్తుంది. అది కూడా తనే పెట్టి ఉంటాడు.

అక్క పలక మీద రాసింది: "ల్యాబ్ వాళ్లు ఎప్పుడిస్తారట?" త్వరలోనే అన్నాను.

9వ తేదీ, సోమవారం

చేశాను. మధ్యాహ్నం, మేడ మీద ఆరేసిన దుప్పట్ల వెనక నిలబడి, తీగలాయనకు ఫోన్.

"చెప్పండి" అన్నాడు.

పదేళ్లు ఒకే గదిలో 'నువ్వు' అంటే 'నువ్వు' అనుకున్న వాళ్లం. ఆ 'అండి' నేను సంపాదించుకున్నదే. రెండేళ్ల కిందట పాఠాల పంతులమ్మగారి రికార్డింగు పోయింది. చూపు లేని విద్యార్థుల కోసం ఆవిడ నలభై పాఠాలు చదివి ఇచ్చారు, ఆరు నెలల పని. తీగలాయన తీగలు మార్చాడు, అందువల్ల పోయిందని ఆవిడతో అన్నాను. ఆవిడ నలుగురితో అన్నారు. ఆ నలుగురూ అతన్ని పనికి పిలవడం మానేశారు. అతను నాతో పోట్లాడలేదు. ఒకరోజు తన పనిముట్ల పెట్టె తీసుకుని మెట్లు దిగిపోయాడు. ఇప్పుడు ఊరి చివర కోల్డ్ స్టోరేజీలో చల్లదనం కొలిచే యంత్రాలు చూసుకుంటున్నాడు.

అక్క సంగతి, భవనం సంగతి, శుక్రవారం సంగతి అన్నీ చెప్పాను. అవతల ఫ్యాన్లు తిరుగుతున్న హోరు.

"ఆ నలభై పాఠాలూ ఎవరు చెరిపారు?" అన్నాడు చివరికి.

"నేనే. చోటు చాలక పాతవనుకుని చెరిపేశాను."

"అది నాకు అప్పుడే తెలుసు. మీకు తెలుసో లేదో అదే తెలియలేదు" అన్నాడు. "పంతులమ్మగారికి చెప్పారా?" అని అడిగాడు.

లేదన్నాను.

"ముందు ఆవిడకి చెప్పండి. తర్వాత మాట్లాడదాం."

కోపం వచ్చింది. అక్క గొంతుకీ పంతులమ్మగారికీ సంబంధం ఏమిటని. సాయంత్రం దాకా ఆ కోపం పట్టుకుని తిరిగాను.

10వ తేదీ, మంగళవారం

వెళ్లాను. పంతులమ్మగారు ఇస్త్రీ చేసుకుంటున్నారు. కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. ఆవిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, స్విచ్చి తీసి, మడత పెట్టిన చీర పక్కన పెట్టి, అప్పుడు నా వైపు చూశారు.

నేను తిట్లకు సిద్ధపడి వెళ్లాను. ఆవిడ తిట్టలేదు. పాఠాలు పోతే పోయాయి, మళ్లీ చదివాను అన్నారు. "రెండేళ్లుగా ఆయన ఎదురొస్తే మొహం తిప్పుకుని పోతున్నాను. ఒకసారి నమస్కారం పెడితే కూడా చూడనట్టు వెళ్లిపోయాను. దాన్ని మళ్లీ ఎలా చదవను?"

ఆయన ఫోన్ నంబరు అడిగి తీసుకున్నారు. గుమ్మం దాకా వచ్చి, మీ అక్కగారు ఎలా ఉన్నారని అడిగారు. ఆ ప్రశ్నకి తట్టుకోలేకపోయాను.

రాత్రి భోజనాలప్పుడు తీగలాయన నుంచి మెసేజ్ వచ్చింది. "రేపు రెండింటికి రండి. స్వెట్టర్ తెచ్చుకోండి." 

11వ తేదీ, బుధవారం

కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గది బయటే ఉంది గానీ చలి గోడలోంచి వస్తుంది. తీగలాయన మందపాటి కోటులో ఇంకా లావుగా కనిపించాడు. జుట్టు నెరిసింది. పంతులమ్మగారు ఫోన్ చేశారట. ఆ మాట తను అనలేదు, టేబుల్ మీద నాకు కూడా ఒక గ్లాసు కాఫీ ఉంది, దాన్ని బట్టి గ్రహించాను.

రౌటర్లోకి వెళ్లడానికి తను అప్పట్లో పెట్టుకున్న దొడ్డిదారి ఇంకా అలాగే ఉంది. మూయడం మర్చిపోయారా అని అడిగాను. "మూయబుద్ధి కాలేదు" అన్నాడు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

రౌటర్ పలికింది. కరెంటు ఉంది, లైను ఉంది. ప్రస్తుతం మేలుకుని ఉన్న యంత్రాలు: సున్నా. పాత నోట్‌బుక్ తీసి, నా కంప్యూటరు చిరునామా చూసి, కొట్టి, పిలుపు పంపాడు. ఎదురుచూశాం. సున్నా. మళ్లీ పంపాడు. సున్నా. ముప్పై ఒక్కసారి పంపాం. మధ్యలో ఒకసారి తను లోపలికి వెళ్లి ఏదో గది చల్లదనం చూసి వచ్చాడు.

భవనంలో కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చి ఉంటే కంప్యూటరు నిద్రలో లేదు, ఆగిపోయి ఉంటుంది, అప్పుడు పిలుపు వినే కార్డు కూడా చచ్చి ఉంటుంది అన్నాడు. "అలా అయి ఉంటే చేసేదేం లేదు. కాలేదేమో కూడా. రేపు నాకు సెలవు లేదు. శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ చేసుకుంటాను."

శుక్రవారం నాలుగింటికే కదా అన్నాను. తెలుసు అన్నాడు.

12వ తేదీ, గురువారం

అక్కకు చెప్పేశాను. 

చెప్పాలని అనుకోలేదు. ఉదయం అక్క తన కొత్త నోట్‌బుక్ తెచ్చి చూపించింది. గొంతు వచ్చాక మొదట ఏమేం చెప్పాలో రాసుకుంటోంది. మొదటి పేజీ నిండిపోయింది. సగం బావ మీద ఫిర్యాదులు. రెండో పేజీ తిప్పబోతుంటే నేను ఆ పుస్తకం మూసేసి చెప్పేశాను. డిస్కు లేదని, ఎప్పుడూ లేదని. కంప్యూటరు మూడో అంతస్తులో నిద్రలో ఉందని, పిలిస్తే లేవడం లేదని, రేపు నాలుగింటికి కరెంటు తీసేస్తారని.

అక్క పలక తీసుకోలేదు. లేచి వెళ్లి వంటింట్లో పంపు తిప్పి గ్లాసులు కడగసాగింది. కడిగినవే మళ్లీ కడిగింది. బావ నా వైపు ఒకసారి చూసి, ఆమె పక్కన నిలబడి తుడవసాగాడు. బావ జోకు వేయని సమయం నేను చూడటం ఇదే మొదటిసారి.

గంట తర్వాత వచ్చి నా ముందు కూర్చుంది. "అబద్ధం ఎందుకు?" అని రాసింది.

"నువ్వు భయపడతావని."

రాసింది పూర్తిగా తుడవకుండానే మీద రాసింది. బలపం అరిగి కీచుమంది. "భయపడింది నువ్వు."

ఔనన్నాను.

అప్పుడు పలక మొత్తం శుభ్రంగా తుడిచి, నిదానంగా, పెద్ద అక్షరాలతో రాసింది: "రేపు నేనూ వస్తా."

13వ తేదీ, శుక్రవారం

వరుసగా రాస్తాను.

పన్నెండుకు ముందే ముగ్గురం కోల్డ్ స్టోరేజీకి వెళ్లాం. బావ అక్కకు రెండు శాలువాలు చుట్టి, పైన తన కోటు వేశాడు. తీగలాయన ఆమెకు నమస్కారం పెట్టి, తన కుర్చీ ఇచ్చి, తను పళ్ల పెట్టె మీద కూర్చున్నాడు. మళ్లీ మొదలుపెట్టాం. పిలుపు, సున్నా. పిలుపు, సున్నా. పన్నెండున్నర. ఒంటి గంట. 

ఒంటి గంటా పదికి తీగలాయన చేతులు దులుపుకుని, ఇక ఆశ వదులుకోవాలన్నట్టు నోట్‌బుక్ టేబుల్ మీద పడేశాడు. అక్క దాన్ని తన వైపుకు లాక్కుంది. ఏం చూస్తోందో నాకు అర్థం కాలేదు. జాబితాలో వేలు పెట్టి కిందికి జరిపి, నా కంప్యూటరు చిరునామా దగ్గర ఆగి, తొమ్మిదో అక్షరం మీద గోటితో రెండుసార్లు కొట్టింది. పలక తీసుకుంది.

"ఇది బి కాదు. ఎనిమిది. చిన్నప్పట్నుంచీ ఇంతే రాస్తుంది."

తీగలాయన నోట్‌బుక్ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఆ జాబితా రాసింది నేను. అతను చెబుతుంటే పదేళ్ల కిందట నేనే రాశాను. అప్పట్లో చిరునామాలన్నీ అతనికి కంఠస్థం, జాబితా చూసే పనే పడలేదు. 

"నీ ఎనిమిదా ఇది?" అన్నాడు నాతో. "ఎనిమిదికి వీపు ఇంత తిన్నగా ఎవరు పెడతారు?"

నాకు ఆ ఎనిమిది పట్టలేదు. 'నీ' అన్నాడు, అది వినపడింది.

బి తీసేసి ఎనిమిది కొట్టాడు. పంపాడు. నేను మనసులో లెక్కపెట్టాను. పదకొండు దగ్గర సున్నా పోయి ఒకటి వచ్చింది.

బావ ఒకటి అంటే ఏమిటి, ఒకటి అంటే మంచిదేనా అని అడుగుతున్నాడు. అక్క అతని చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. అతని తెర మీద నా కంప్యూటరు తెర ప్రత్యక్షమైంది. రెండో తేదీ పదకొండున్నరకు ఎక్కడ వదిలేశానో అక్కడే, 1,214వ వాక్యం సగం శుభ్రం చేసి.

లైను నెమ్మది. తీగలాయన లెక్కవేశాడు. ఒంటిగంటన్నర అయింది. విడదీసిన వాక్యాలన్నీ రావడానికి రెండు గంటలు. అవి మొత్తం వచ్చేస్తాయి. పదకొండు రోజుల అసలు రికార్డింగులు పెద్దవి, ఒక్కో రోజుదానికి యాభై నిమిషాలు. అవి కావాలంటే రెండున్నర గంటల్లో మూడు రోజులవి వస్తాయేమో. రెండూ రావు.

వాక్యాలే అన్నాను. ఇందులో అడగడానికేముంది. వరుసగా ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి, ల్యాబ్ వాళ్లు అడిగింది అవే. మౌస్ మీద చెయ్యి వేశాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఒకటి వినిపించు" అని రాసింది.

ఒక వాక్యం అక్కడి నుంచే వినిపించాను. నీలం రంగు పువ్వులు. ఆఫీసు గది అంతా బస్సు స్టేషన్ అయింది. అక్క కళ్లు మూసుకుని విని, తల అడ్డంగా ఊపింది. చాలాసేపు రాసింది. పలక చాలక చివరి మాటలు అంచుల వెంట రాసింది.

"బస్సుల గొంతు ఊరంతా ఇరవై రెండేళ్లు విన్నారు. చాలు. ఇంట్లో గొంతు కావాలి. తిట్టింది, నవ్వింది, నీళ్లు అడిగింది. అవి తియ్యి."

అవన్నీ చెత్త అక్కా, కుర్చీ చప్పుడు, ఊపిరి చప్పుడు, ల్యాబ్ వాళ్లు తీసుకోకపోవచ్చు అన్నాను. నెల రోజులుగా ఆ చెత్త తీసేయడమే నా పని. ల్యాబ్‌కు ఫోన్ చేశాను. అవతల అమ్మాయి ఆలోచించి, శుభ్రంగా ఉంటే మాకు పని తక్కువ, లేకపోతే ఎక్కువ, అంతే. మాట్లాడినది మాట్లాడినట్టు ఉంటే గొంతు మనిషికి దగ్గరగా వస్తుంది, కొంచెం గరగరలాడుతుంది అంది.

బావ నేల వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "గరగరలాడినా పర్లేదు. నాకు బస్సు చెప్పక్కర్లేదు, నన్ను పిలిస్తే చాలు."

ఏ రోజులు అని అక్కనే అడిగాను. ఆమె ఆలోచించలేదు. ఏడు, పది, పదకొండు. ఏడో రోజు బావ వచ్చి రెండు గంటలు మా పని చెడగొట్టాడు. పదో రోజు నేనూ ఆమే మా నాన్న గురించి మాట్లాడుకుని ఒక్క వాక్యం కూడా చదవలేదు. పదకొండోది ఆఖరి రోజు.

రెండు ఇరవైకి ఏడో రోజు వచ్చేసింది. మూడు పదికి పదో రోజు. తీగలాయన తన పని మధ్యలో లేచి వెళ్లి వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా తెర మీద గీత ఎంత దూరం వచ్చిందో చూసి కూర్చుంటున్నాడు. మూడు యాభై నాలుగుకి గీత ఆగింది. ఆరు నిమిషాలు ముందే తీసేశారు. పదకొండో రోజు ఆఖరి ముక్క రాలేదు. రౌటర్ కూడా పలకలేదు.

నేను ఏడవలేదు. అక్క నా తల నిమిరింది.

బయటికి వస్తుంటే తీగలాయనతో, వేరే గది చూసుకుంటే మళ్లీ కలిసి పనిచేద్దామా అని అడిగాను. "కాపీలు నేను తీస్తాను, నువ్వు తీయొద్దు. దానికి ఒప్పుకుంటే చూద్దాం" అన్నాడు.

14వ తేదీ, శనివారం

మూడు చోట్ల కాపీ పెట్టాను. తర్వాత నాలుగో చోట.

16వ తేదీ, సోమవారం

ల్యాబ్‌కు పంపాను. ఏమీ కత్తిరించలేదు. పంపే ముందు ఏడో రోజు కొంచెం విందామని పెట్టి మొత్తం వినేశాను. వాళ్లిద్దరూ దేని గురించి నవ్వారో అప్పుడు నాకు వినపడనే లేదు. నేను శబ్దం కొలిచే సూది చూసుకుంటూ కూర్చున్నాను, ఎర్రగీత దాటుతోందని.

21వ తేదీ, శనివారం

నా అద్దె గదికి వచ్చేశాను. నువ్వుంటే అక్క నీకు పనులు చెప్పడానికి పలక అరగదీస్తోంది, బలపాలు అయిపోతున్నాయి, వెళ్లు అన్నాడు బావ. వెళ్లేటప్పుడు సంచి తనే మోశాడు.

తీగలాయనా నేనూ రెండు గదులు చూశాం. ఒకటి రోడ్డు చప్పుడు. రెండోది బాగుంది, కింది అంతస్తు. అతని మోకాళ్లకు అది నచ్చింది.

28వ తేదీ, శనివారం

ల్యాబ్ నుంచి మెసేజ్. గొంతు తయారైందట, సోమవారం అక్క ఫోన్‌లో పెడతారట. నన్ను రమ్మని అక్కా అనలేదు, బావా అనలేదు. నేనూ అడగలేదు.

30వ తేదీ, సోమవారం

మధ్యాహ్నం కొత్త గదికి తలుపుల కొలతలు తీసుకుంటుంటే ఫోన్ మోగింది. తెర మీద అక్క పేరు. నెలన్నరగా ఆ పేరు మెసేజ్‌గా వస్తోంది, మోగలేదు.

ఎత్తాను. చాలాసేపు ఏమీ లేదు. ఊపిరి కూడా వినపడలేదు. తర్వాత, "ఏం చేస్తున్నావే?" అంది.

అక్కే. కొంచెం గరుకుగా, జలుబు చేసినట్టుగా, 'వే' దగ్గర కాస్త సాగదీసి. తలుపుల కొలతలు తీస్తున్నానని చెప్పాను. నా గొంతు వేరే ఎవరిదోలా వినపడింది. మళ్లీ నిశ్శబ్దం. టైపు చేస్తోందని తెలిసి గోడకు ఆనుకుని కూర్చున్నాను. తీగలాయన టేపు చుట్టుకుని బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"తిన్నావా?" అంది.

తిన్నానన్నాను. తినలేదు. తర్వాత, లేదు తినలేదు అన్నాను. 

అవతల మళ్లీ చాలాసేపు. బావ వెనక నుంచి ఏదో అడుగుతున్నాడు, తొందరపెట్టకు అన్నట్టు టేబుల్ మీద చప్పుడైంది. "మీ బావ పొద్దున్నుంచీ నా చేత తన పేరు పిలిపించుకుంటున్నాడు. పదిహేడుసార్లు అయింది. ఇక పిలవను" అంది.

ఇంకో మూడు మాటలు మాట్లాడింది. కొత్త గదికి కిటికీలు ఎన్ని, ఆదివారం వస్తావా, వచ్చేటప్పుడు తీగలాయన్ని కూడా తీసుకురా. అంతే. ప్రతి మాటకీ మధ్య నేను ఎదురుగోడ మీద సున్నం చూస్తూ కూర్చున్నాను. ఆరు మాటలకి నలభై నిమిషాలు పట్టింది. ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టేయలేదు.